కునో గారి ఆఖరి అభ్యంతరం

మా అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లో ఒక్కో ఇంటికీ ఒక్కో గది ఉంది. మా గది ఎంతంటే, లోపల నిలబడి తుమ్మితే నుదురు ఎదుటి గోడకి తగులుతుంది. ఆ గదిలో నేను పందొమ్మిది కంప్యూటర్లు దాచాను. మా ఆవిడకి తొమ్మిదని చెప్పాను.

దీన్ని అబద్ధమనకండి. రోస్‌విటా గుమ్మంలో నిలబడి "ఇక్కడ ఎన్నున్నాయి?" అని అడిగింది. గుమ్మంలోంచి చూస్తే తొమ్మిదే కనిపిస్తాయి. మిగతా పదీ ఆపిళ్ళు కోసుకొచ్చే చెక్క పెట్టెల కింద బోర్లా పడుకుని ఉన్నాయి. కనిపించినదాన్నే లెక్కలోకి తీసుకోవాలని ఇంజనీరింగు కాలేజీలో మాకు నేర్పారు. మా వంశంలో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ చదువుని వృథా చేయకూడదు కదా.

ఆపిళ్ళు ఎప్పుడు కోస్తారో మాత్రం ఆ కాలేజీలో నేర్పలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో పెట్టెల కోసం కిందికి వెళ్ళిన రోస్‌విటా తిరిగి వచ్చేటప్పటికి చేతిలో పెట్టె లేదు. నల్లటి డబ్బా ఒకటి ఉంది.

"హార్ట్‌మూట్," అంది. హార్టీ అని పిలిస్తే వాతావరణం బాగున్నట్టు. పూర్తి పేరు పెట్టిందంటే గొడుగు వెతుక్కోవాలి.

"ఇది పదోది."

"అవునా? ఎక్కడ దొరికింది?"

"పదకొండోదాని మీద."

ఈ డబ్బాల సంగతి చెప్పాలి. వీటిని థిన్ క్లయింట్లు అంటారు. ఆఫీసుల్లో గుమాస్తాల బల్లల మీద ఉంటాయి. సొంతంగా ఏమీ ఆలోచించవు. ఎక్కడో లోపలి గదిలో ఉన్న పెద్ద కంప్యూటరు ఏం చెబితే అది తెర మీద చూపిస్తాయి. మొదటిది ఇంటికి తెచ్చినరోజు రోస్‌విటాకి ఇలాగే వివరించాను. ఆమె శ్రద్ధగా విని, "అలాంటిది ఇంట్లో ఒకటుందిగా, మళ్ళీ ఎందుకు?" అంది.

ఒక ఆఫీసు వాళ్ళు పన్నెండేళ్ళు వాడి అవతల పారేస్తుంటే తెచ్చాను. మనిషి గుండ్రాయిలా ఉండి నిద్ర లేవడానికి బద్ధకించినట్టు ఉంది వీటి పరిస్థితి. మీట నొక్కగానే యంత్రాన్ని నిద్రలేపే మొట్టమొదటి ప్రోగ్రాం ఒకటుంటుంది, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. తయారుచేసిన కంపెనీ దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. దాన్ని పీకేసి, ప్రపంచం నలుమూలలా ఉన్న మాలాంటివాళ్ళు కలిసి రాసుకుని ఊరికే పంచుకుంటున్న ఉమ్మడి ఫర్మ్‌వేర్ ఎక్కించాలని నా సంకల్పం. చిక్కల్లా, ఆ ఉమ్మడి ఫర్మ్‌వేర్‌కి నా డబ్బా ఎవరో తెలీదు. ఏ తీగ ఎక్కడికి పోతుందో, మెమరీ ఏ మూల ఉందో, దీపం ఏ మీటకి వెలుగుతుందో ఒక్కొక్కటీ చెప్పాలి. పధ్నాలుగు నెలలుగా చెబుతూనే ఉన్నాను. అది వింటున్న జాడ లేదు.

మావాళ్ళు చచ్చిన యంత్రాన్ని ఇటుక అంటారు. మా నాన్న తాపీమేస్త్రీ. ఇటుకలతో నలభై ఇళ్ళు కట్టాడు. ఆయన కొడుకు కాలేజీకి పోయి చదువుకుని కంప్యూటర్లని ఇటుకలు చేయడం నేర్చుకున్నాడు.

"మా తాత పీపా ఈ ఏడు మన సెల్లార్‌లో దిగాలి," అంది రోస్‌విటా.

తాత పీపా అంటే ఆవిడ తాతగారు స్వయంగా చేసిన ఓక్ పీపా. ఏటా ఆపిళ్ళ రసం అందులో పులిసి మోస్ట్ అనే ఆపిల్ సారా అవుతుంది. ఇన్నాళ్ళూ అది ఆమె తమ్ముడి కొట్టంలో ఉండేది. తమ్ముడు కొట్టం అమ్మేస్తున్నాడు. మేం తెచ్చుకోకపోతే పీపాని అడ్డంగా కోసి రెండు పూలకుండీలు చేసుకుంటానని అన్నాడట.

"పూలకుండీలు కూడా అందంగానే ఉంటాయి," అన్నాను.

ఆమె నల్లడబ్బాని బల్ల మీద పెట్టింది. మెల్లిగానే పెట్టింది. అందుకే భయమేసింది.

"అక్టోబరు రెండో శనివారం మిల్లులో మన వంతు. మధ్యాహ్నం రెండింటికి రసం చేతికొస్తుంది. ఆలోపు నీ ఫర్మ్‌వేరేదో ఆ ఉమ్మడిదాంట్లో చేరిందనుకో, డబ్బాలన్నీ ఉంచుకో. పీపాని కోసేయమని తమ్ముడికి నేనే చెబుతాను. ఒక్క మాట కూడా అనను."

"ఎన్నాళ్ళు అనవు?"

"అది పందెంలో లేదు. చేరకపోతే పందొమ్మిదీ యార్డుకి."

మా ఊరి పాత సామాన్ల యార్డు మీకు తెలిస్తే నా గుండె ఎందుకు జారిందో తెలుస్తుంది. కరెంటు సరుకు వేయడానికి అక్కడొక ఇనుప బోను ఉంటుంది. అందులో పడిన క్షణం నుంచి అది ఊరి సొత్తు. మనం వేసింది మనమే తీసుకున్నా దొంగతనమే. మూడేళ్ళ క్రితం నా సొంత ప్రింటరుని నేనే దొంగిలించబోయి, కాపలా ఆయన ముందు చేతులు కట్టుకుని అరగంట నిలబడ్డాను.

సరేనన్నాను. అనక ఏం చేస్తాను? దాచిన పది డబ్బాలు నా నోరు మూసేశాయి.

అసలు సంగతి డబ్బాలు కాదు. మా నాన్న ఏ వీధిలో నడిచినా ఆగి, "ఈ గోడ నాది" అనేవాడు. అలా చూపించడానికి నాకొక గోడ లేదు. ఇరవై ఏడేళ్ళు ఆఫీసులో కూర్చుని చేసిన పని ఏదీ చేత్తో చూపించేది కాదు. ఆ ఉమ్మడి ఫర్మ్‌వేర్‌లో చేరితే మాత్రం ఈ డబ్బా పేరూ, దాని పక్కన నా పేరూ ఉంటాయి. అంతకంటే పెద్దది ఏదీ నేనెప్పుడూ కోరుకోలేదు.

పదిరోజుల తర్వాత డబ్బా లేచింది. పధ్నాలుగు నెలల నా విద్య లేపలేదు దాన్ని. బట్టలారేసే చెక్క క్లిప్పు లేపింది.

ఫర్మ్‌వేర్ ఉండేది బియ్యపుగింజంత చిప్పులో. దానికి ఎనిమిది కాళ్ళు. తీగలున్న పట్టకారుతో ఆ ఎనిమిదింటినీ ఒకేసారి పట్టుకుని కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. నా పట్టకారు అరిగిపోయి ఏడు కాళ్ళనే పట్టుకుంటోంది. రోస్‌విటా బట్టల బుట్టలోంచి ఒక క్లిప్పు కాజేసి పట్టకారు మీద బిగించాను. మీట నొక్కాను. అప్పుడు నా పాత లాప్‌టాప్ తెర మీద డబ్బా తన మొదటి మాట మాట్లాడింది. మాట కాదు, ఒక వరస. ఆ తర్వాత ఇంకో వరస. మెమరీ దొరికిందట. దీపం దొరికిందట.

ఒకసారి లేస్తే అదృష్టం, రెండోసారి యాదృచ్ఛికం, మూడోసారి లేస్తేనే రుజువు. ఇది నా సూత్రం. మూడుసార్లూ లేచింది.

రాసినదంతా మూటగట్టి ఉమ్మడి వాళ్ళకి పంపాను. ఆ మూటని ప్యాచ్ అంటారు. అది నేరుగా లోపలికి పోదు. ఒక పేజీలో వేలాడదీస్తారు. ఎవరైనా వచ్చి ఏ వరస పక్కనైనా అభ్యంతరం రాయొచ్చు. రాసిన ప్రతిదానికీ మనం సరిదిద్ది "అయిపోయింది" అనే మీట నొక్కాలి, నొక్కగానే ఆ కబురు రాసినవాళ్ళకి పోతుంది. ఒక్క అభ్యంతరం మిగిలున్నా ప్యాచ్ గడప దాటదు. మా మెట్లు ఊడ్చే వారం కూడా అచ్చం ఇంతే. మన వంతు రాగానే తలుపుకి పలక వేలాడుతుంది. మనం ఊడ్చాక కింది వాటా ఫ్రావ్ బ్యూర్క్లె వచ్చి మెట్ల మూలల్లో వేలు పెట్టి చూస్తుంది. నేనామెని మూలలమ్మ అంటాను. పరోక్షంలోనే అంటాను.

గొప్పకి పోయి ఆ పేజీ లింకు రోస్‌విటాకి కూడా పంపాను. "చూస్తాను," అంది. ఆమె జిల్లా గెజిట్ అచ్చుకి వెళ్ళేముందు తప్పులు దిద్దే ఉద్యోగంలో ఉంది. పొద్దున్నే బ్రెడ్డు సంచి మీది అక్షరదోషాలకి కూడా గీత పెడుతుంది. ఆమె నా కోడ్ చూసి ఏం చేస్తుందిలే అనుకున్నాను.

రెండ్రోజులకి మొదటి అభ్యంతరం వచ్చింది. రాసినవాడి పేరు కునో.

"40వ వరస. వ్యాఖ్య చివర చుక్క లేదు."

చుక్క పెట్టి మీట నొక్కాను. వంటింట్లో రోస్‌విటా ఫోను టింగ్‌మంది.

"కోరస్ గ్రూపు," అంది ఆమె అడక్కుండానే. ఆమె మా ఊరి గాన సంఘంలో పాడుతుంది.

మర్నాడు ఇంకొకటి. "52వ వరస నిర్ణీత పొడవు దాటింది." ఆ మర్నాడు ఇంకొకటి. "మీరు జతచేసిన ఫొటోలో సర్క్యూట్ బోర్డు వెనక మూడు కప్పులు, జున్ను తొక్క, ఒక మేజోడు కనిపిస్తున్నాయి. ఖాళీ బల్ల మీద మళ్ళీ తీయండి."

న్యాయమైన మాట. ప్రపంచమంతా చూసే ఫొటో అది. ఇరవై నిమిషాల్లో బల్ల ఖాళీచేసి, తుడిచి, మేజోడుకి జత కూడా వెతికి, ఫొటో తీసి మీట నొక్కాను.

రోస్‌విటా గుమ్మంలో నిలబడి ఆ బల్లని చాలాసేపు చూసింది.

"దీని రంగు ఇదా," అంది.

"కునో చెప్పాడు."

"నాలుగేళ్ళుగా నేను చెబుతున్నాను."

"నువ్వు చెప్పేది తుడవమని. ఆయన చెప్పేది పత్రాల్లో స్పష్టత గురించి."

"ఎవరో ముక్కూ మొహం తెలీని మనిషి. ఆయనకి నీ మేజోళ్ళతో ఏం పని?"

"ఆయన్ని ఏమీ అనకు. ఇంత శ్రద్ధగా నా కోడ్ చదివిన మనిషి లేడు. పాపం, పెళ్ళీ పెటాకులూ లేని ముసలాయన అయ్యుంటాడు. ఉంటే ఇంత తీరిక ఎక్కడిది?"

"పాపం," అంది రోస్‌విటా.

తర్వాతి అభ్యంతరం నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. "మీరు పంపిన మార్పుల వేళలు చూశాను. తప్పులన్నీ సాయంత్రం ఏడు దాటాక పంపినవాటిలోనే ఉన్నాయి. ఏడులోపే ముగించండి." నేను లెక్క తీశాను. నిజమే. తొమ్మిదిలో ఎనిమిది తప్పులు ఏడు దాటాక చేసినవే. ఆరోజు నుంచి ఏడు కొట్టేసరికి భోజనాల బల్ల దగ్గర ఉండేవాణ్ణి. వేడివేడి పులుసులో మాంసం కూరిన మౌల్‌టాషె ముక్కలు తేలుతుంటే చూసి ఎన్నాళ్ళయిందో. ఇన్నేళ్ళూ నా పళ్ళెం మీద ఇంకో పళ్ళెం మూతేసి ఉండేది, తీస్తే లోపల చల్లటి పశ్చాత్తాపం ఉండేది.

నా బుర్రలో అప్పుడే పథకం పుట్టింది. శత్రువు ఇంట్లో ఉంది. మిత్రుడు తెర మీద ఉన్నాడు. కునోని మంచి చేసుకుంటే శనివారంలోగా ప్యాచ్ దాటిపోతుంది. రోస్‌విటా లేని వేళ చూసి ఆయనకి విడిగా ఒక ఉత్తరం రాశాను. మీ నిశితదృష్టికి నమస్కారం అని మొదలుపెట్టాను. నా కష్టం చెప్పుకున్నాను. మనిషి దయ తలచాలంటే కొంచెం కారం దట్టించాలి కదా, "నా భార్య గయ్యాళి, పధ్నాలుగు నెలల నా కృషిని ఆపిల్ పీపా కోసం చెత్తబోనులో వేయిస్తానంటోంది, తమరు కాస్త చూసీచూడనట్టు పోవాలి" అని రాశాను. మీకు పెళ్ళయిందా అని కూడా అడిగాను.

మర్నాడు జవాబు వచ్చింది. "అయింది. ఇరవై ఎనిమిదేళ్ళు. మా ఇంట్లో మనిషీ మొండిఘటమే. అయినా పనిమంతుడని పేరుంది. మీ భార్య ఓర్పుగల మనిషిలా తోస్తోంది. చూసీచూడనట్టు పోవడం నాకు చేతకాదు."

పనిమంతుడు అని ఎందుకు రాశాడా అనుకున్నాను. ఇంట్లో మనిషి అంటే భార్యేగా, పనిమంతురాలు అనాలి. అక్షరదోషం అనుకుని నవ్వుకున్నాను. ఎంతటివాడైనా ఎక్కడో జారతాడు.

ఈలోగా నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. డబ్బాలు పనికొస్తాయని ఊరందరికీ చూపించాలనిపించింది. గాన సంఘానికి కోశాధికారి మన మూలలమ్మే. ఆమె దగ్గరికి వెళ్ళి, "కాగితాలు పంచే పని లేకుండా ఆరు తెరల మీద స్వరాలు చూపిస్తాను," అన్నాను.

"కిందపడడం లాంటిదేం ఉండదు కదా, హెర్ ట్రాయ్‌బర్?" అంది.

"డబ్బాలు పడవండీ."

"నేను అడిగింది తీగలు తట్టుకుని పడే మనుషుల సంగతి."

గురువారం సాధన. నలభైమంది, ఆరు తెరలు, విత్తనాల నుంచి కోత దాకా సాగే పొలం పాట ఒకటి. మొదటి పేజీ బ్రహ్మాండంగా వచ్చింది. పేజీ తిప్పమనగానే రెండు తెరలు మూడో పేజీకి పోయాయి, రెండు మొదటి పేజీలోనే బిగుసుకున్నాయి, ఒకటి నల్లబడింది, ఇంకొకటి మా ఇంటి బల్ల ఫొటో చూపించింది. ఆడవాళ్ళు పంట కోతకి వెళ్ళిపోయారు. మగవాళ్ళు ఇంకా విత్తనాలు చల్లుతున్నారు. ఎవరో ఒకరు ఆపాలి. కానీ ముందు వరసలో మూలలమ్మ గొంతెత్తి పాడుతోంది. ఆమె పాడుతుండగా ఆపే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. ఆ పాట అలా పదకొండు నిమిషాలు సాగింది.

రోస్‌విటా రెండో వరసలో నిలబడి నా వంకే చూస్తూ పాడింది. నల్లతెర ముందున్నది ఆమే. ఒక్క మాట తప్పలేదు.

"బాగుందా?" అన్నాను దారిలో.

"పొలం మీద అందరూ ఒక్కో ఋతువులో ఉన్నారు."

రెండ్రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. డబ్బాలు విడివిడిగా బంగారంలా ఉంటాయి, కలిపితే కొట్టుకుంటాయి. తీగలు మార్చాను. అవి గుచ్చే గోడ రంధ్రాలు మార్చాను. అప్పుడు వచ్చింది కునో అభ్యంతరం.

"మీరు జతచేసిన మొదటి యంత్రం నివేదికలోనూ రెండో యంత్రం నివేదికలోనూ పదకొండో వరసలో పన్నెండు అక్షరాల గుర్తు ఒకటుంది. రెండింటిలోనూ ఒకటే. కావాలని చేశారా?"

చదవగానే చెవులు వేడెక్కాయి. ప్రతి యంత్రానికీ నెట్‌వర్క్‌లో దానికే చెందిన చిరునామా ఒకటుంటుంది. అది ఆ చిప్పులోనే ఉంటుంది. నేను ఒకదానికి తయారుచేసిన ప్రోగ్రాంని బద్ధకించి మిగతా అన్నిటికీ అలాగే దించేశాను. పందొమ్మిది మందికీ ఒకే ఇంటి నంబరు. పోస్టుమాన్ ఏ ఉత్తరం ఎవరికిస్తాడు? చేతికందిన వాడికి ఇచ్చాడు.

ఈ పొరపాటుని ఫిన్లాండులో ఉన్న యొర్మా కూడా చూడలేదు. ప్యాచ్‌ని చివరికి లోపలికి పంపే అధికారం ఆయనది. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆయన కునో అభ్యంతరం కింద "మంచి కన్ను" అని రాశాడు. ఆ ఏడాది కోటాలో సగం అయిపోయింది.

"కునోకి దివ్యదృష్టి ఉంది," అన్నాను ఆ సాయంత్రం బ్రెడ్డు మీద వెన్న రాస్తూ. "నేను గురువారం పడిన బాధ ఆయనకి ఎక్కడో కూర్చుని తెలిసిపోయింది."

"ఎక్కడుంటాడాయన?"

"హాంబుర్గ్ వైపు అయ్యుంటుంది. మాటలో ఆ పొడితనం ఉంది."

"ఊఁ. ఆ ఊరగాయ ఇటివ్వు."

మళ్ళీ పందొమ్మిది డబ్బాలూ విప్పాను. ఒక్కోదానికీ సొంత చిరునామా ఎక్కించాను, అడుగున కాగితమ్ముక్క మీద రాసి అంటించాను. బట్టల క్లిప్పులు ఇంకో మూడు విరిగాయి. ఆ వారం మా ఇంట్లో చొక్కాలు ఒక్కో క్లిప్పుతో ఒంటికాలి మీద ఆరాయి.

పందెం రోజుకి రెండ్రోజులు మిగిలాయి. యొర్మా తన ఆమోదం వేసేశాడు. ఇక గడప దాటడమే. అప్పుడు పేజీ అడుగున ఎర్రగా ఒక అభ్యంతరం మెరిసింది.

"ఆఖరి విషయం. ఈ యంత్రాలు పందొమ్మిదీ ఒకే మనిషి దగ్గర ఉన్నాయని మీ నివేదికలో ఉంది. ఆ మనిషికి జలుబు చేస్తే ఈ పనిని పరీక్షించేవాడు లేడు. పరీక్షకి రెండు చాలు. మిగతా పదిహేడూ వాడేవాళ్ళ చేతుల్లో పెట్టి, అవి ఉన్న చోటు ఖాళీ అయినట్టు ఫొటో జతచేయండి."

ముందు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఎంత గొప్ప మాట అనిపించింది. నా డబ్బాలు బోనులో కాదు, బల్లల మీద బతుకుతాయి. పైగా రోస్‌విటా గెలవదు. ఇంతకంటే తియ్యటి దెబ్బ ఏముంది?

బండి కట్టాను. గాన సంఘం ఆరు పుచ్చుకుంది, ఈసారి ముందే మూడుసార్లు పాడించి చూశారు. పక్క ఊరి బడికి ఐదు. మంటలార్పే స్వచ్ఛంద దళం వాళ్ళకి నాలుగిస్తే వాళ్ళు నన్ను ఇంజను ఎక్కించి వీధి చివరిదాకా తిప్పారు. బేకరీ ఆయన ఒకటి తీసుకుని, రేపటి రొట్టెల పేర్లు అందులో చూపిస్తానన్నాడు. ఆ పేర్లలో అప్పుడే రెండు తప్పులున్నాయి. చివరిది మూలలమ్మకి.

"ఇందులో మెట్లు ఊడ్చే వంతుల పట్టిక పెట్టొచ్చా, హెర్ ట్రాయ్‌బర్?"

"పెట్టొచ్చండీ."

"ఎవరు ఊడ్చలేదో ఎర్రగా కనిపిస్తుందా?"

కనిపిస్తుందని చెప్పాను. నా మీద నేనే చెప్పుకున్న తీర్పది.

బుట్ట పట్టుకుని ఆపిళ్ళకి వెళ్తున్న రోస్‌విటా మెట్ల మీద ఎదురైంది.

"పదిహేడు పంచేశావా?"

"పంచేశాను."

"నేనడిగితే ఒక్కటి కదల్లేదు."

"నువ్వడిగింది స్థలం కోసం. కునో అడిగింది సూత్రం కోసం."

"సరే. సూత్రం ఎంత స్థలం ఖాళీ చేసింది?"

"పూర్తిగా," అన్నాను గర్వంగా.

శనివారం పొద్దున ఖాళీ గదిని ఊడ్చి, మూలలు తుడిచి, ఫొటో తీసి జతచేశాను. మీట నొక్కాను. పదకొండూ నలభైకి యొర్మా ప్యాచ్‌ని లోపలికి పంపాడు. ఏమీ రాయలేదు. పేజీ రంగు మారిందంతే. ఉమ్మడి జాబితాలో ఒక కొత్త వరస చేరింది. నల్లడబ్బా పేరు, పక్కన హార్ట్‌మూట్ ట్రాయ్‌బర్.

కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మా నాన్న ఉంటే ఏం చేసేవాడో నాకు తెలుసు. తెర మీద అరచెయ్యి ఆనించి నిటారుగా ఉందా లేదా అని చూసేవాడు.

కిందికి దిగేసరికి రోస్‌విటా తమ్ముడి ట్రాలీ వాకిట్లో ఆగి ఉంది. పీపా దాని మీద ఉంది. తమ్ముడు రంపం కూడా తెచ్చాడు, ఎటైనా పనికొస్తుందని.

"చేరింది," అన్నాను. "పందెం నాది."

"నీదే," అంది రోస్‌విటా. ముఖంలో ఏమీ లేదు. తమ్ముడి వైపు తిరిగి, "కోసెయ్యి," అంది.

అతను రంపం తీశాడు. ఆమె పీపా మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

ఆ చెయ్యి చూశాక నాకు నోరాగలేదు. గెలిచినవాడికి కొంచెం పెద్దమనసు ఉంటే అందంగా ఉంటుందనీ తోచింది. "ఆగండి. గది ఎలాగూ ఖాళీ. గెలిచింది నేనైనా పీపాకి చోటు నేనే ఇస్తున్నాను," అన్నాను. ఈ మాట వాకిట్లో ఉన్న మూలలమ్మకి కూడా వినబడేట్టు అన్నాను.

"నీ ఇష్టం," అంది రోస్‌విటా.

నేనూ బావమరిదీ పీపాని దొర్లించుకుంటూ కిందికి దించాం. గదిలో కొలిచినట్టు సరిపోయింది. ఒక వేలు సందు కూడా లేదు. అటు తిప్పి నిలబెడుతుంటే మూత మీద కాల్చి వేసిన అక్షరాలు కనిపించాయి. దుమ్ము తుడిచాను.

కునో వాగెన్‌బ్లాస్ట్. 1931.

"ఎవరిది?" అన్నాను.

"తాతది," అన్నాడు బావమరిది. "నీకు తెలీదా?"

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన పేరు అడగాలని నాకెప్పుడూ తోచలేదు. రోస్‌విటా తాత అంటుంది, నేనూ తాత అంటాను.

మెట్లెక్కాను. లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రోస్‌విటా వంటింట్లో మిల్లుకి తీసుకెళ్ళే సీసాలు కడుగుతోంది. ఆఖరి అభ్యంతరం తెరిచి "అయిపోయింది" తీసేశాను. వంటింట్లో టింగ్‌మంది. మళ్ళీ నొక్కాను. టింగ్.

ఒకసారైతే అదృష్టం, రెండోసారి యాదృచ్ఛికం. మూడోసారి నొక్కాను.

"ఇక చాల్లే, రుజువైంది," అంది వంటింట్లోంచి.

బల్ల కళ్ళముందు మెరిసింది. ఏడింటి భోజనాలు, నల్లతెర ముందు తప్పకుండా పాడిన పాట, ఖాళీ గది, నా చేతులతో నేనే దించిన పీపా, అన్నీ మెరిశాయి. పందొమ్మిది డబ్బాలు ఉంచుకునే హక్కు పందెంలో గెలుచుకున్నాను. ఉంచుకోవడానికి రెండే ఉన్నాయి.

"ఆ పన్నెండు అక్షరాలు," అన్నాను చివరికి. "అది నిజంగా నువ్వే పట్టావా?"

"ఇరవై ఆరేళ్ళుగా గెజిట్‌లో భూముల నంబర్లు దిద్దుతున్నాను. ఒకే నంబరు రెండు చోట్ల కనిపిస్తే నాకు నిద్ర పట్టదు."

"ముందే ఇంట్లో చెప్పొచ్చుగా."

"చెబితే 'అలాగేలే' అంటావు. అక్కడ చెబితే చేసి మీట నొక్కుతావు." సీసా బోర్లించిన చప్పుడైంది. "ఇంకోటి మిగిలింది. నీ ఉత్తరాల పెట్టె చూడు."

చూశాను. కునో నుంచి వచ్చింది.

"సెప్టెంబరు 23 నాటి మీ ఉత్తరం. మూడో వరస. 'గయ్యాళి' అన్న పదానికి ఆధారం జతచేయండి, లేదా తొలగించండి."

ఆధారం కోసం ఇల్లంతా చూశాను. తుడిచిన బల్ల ఉంది, జత కలిసిన మేజోళ్ళు ఉన్నాయి. ఆధారం మాత్రం దొరకలేదు. తొలగించాను అని రాసి పంపాను.

వంటింట్లో టింగ్‌మంది. ఒక నిమిషానికి జవాబు వచ్చింది.

"వాక్యం చివర చుక్క లేదు."

పెట్టాను.